పిట్టగోడ మీద బొంత

నా ఫోన్‌లో రోజుకి ఆరుసార్లు కోడి కూస్తుంది. కోళ్ళ మీద నాకు కక్షేమీ లేదు. కానీ ఇంటర్ పిల్లలకి కటకాల పాఠం చెబుతుండగా జేబులోంచి కోడి కూస్తే, ఆ తర్వాత పది నిమిషాల పాటు కటకాల్ని ఎవరూ కాపాడలేరు. ఆ అలారం పెట్టింది మా ఆవిడ. మామూలు గంట పెడితే నేను పట్టించుకోనని, నలుగురిలో తల దించుకునే శబ్దమైతేనే పనవుతుందని ఆవిడ అభిప్రాయం. అభిప్రాయం సరైనదే. దాని అవసరం తీరి మూడు నెలలైంది. ఆపడం ఎలాగో ఫోన్‌లోనే ఎక్కడో ఉంటుందట, వెతుకుతున్నాను.

కోడి కూసినప్పుడల్లా నేను ఇంటికి ఫోన్ చేసి "చుక్కలు" అనాలి. అదే నా పని. మా అమ్మ రెండు కళ్ళకీ విజయవాడలో శుక్లాల ఆపరేషన్ చేయించాం, నెల తేడాతో. ఇంట్లో ఉన్న ఇద్దరాడవాళ్ళకీ గడియారం చూడటం వచ్చు. అయినా చుక్కల బాధ్యత కొడుకుదేనని అమ్మ తేల్చేసింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంత ముదిరేదాకా ఏం చేస్తున్నారని అడిగాడు. కంటి లోపలి పొర ముదురు టీ రంగుకి తిరిగిందట. రెండు మూడేళ్ళుగా ఈవిడ లోకాన్ని టీ గ్లాసులోంచి చూస్తున్నట్టే, ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదా అన్నాడు. నేను గోడ మీదున్న కంటి బొమ్మని చాలా శ్రద్ధగా చూశాను.

అనుమానం రావడానికి కావలసినవన్నీ మా ఇంట్లోనే ఉన్నాయి. హాల్లో, నేల మీద, పరిచి ఉన్నాయి.

మా అమ్మ ఇక్కడి హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా రిటైరైంది. లెక్కల టీచర్ని జనం భయంతోనైనా గుర్తుపెట్టుకుంటారు. క్రాఫ్ట్ టీచర్ని గుర్తుపెట్టుకునేది జాకెట్టు చంకలో బిగిసినప్పుడే. తిరువూరులో సూది పట్టడం వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది అమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్ళే కాబట్టి, ఈ ఊరి రంగుల విషయంలో ఆఖరి తీర్పు తనదేనని అమ్మ నమ్మకం. చర్చిలో ఎవరైనా చీరకి కుదరని జాకెట్టు వేసుకొస్తే ఆ ఆదివారం ప్రసంగం అమ్మ చెవికెక్కేది కాదు.

రిటైరయ్యాక బొంతలు మొదలుపెట్టింది. తిరువూరులో చలి డిసెంబరు చివర్లో వచ్చి, ఓ మూడు వారాలు చుట్టూ చూసి, ఇక్కడ తనకి పెద్దగా పనిలేదని గ్రహించి వెళ్ళిపోతుంది. మిగతా రోజుల్లో మాకు ఒంటి మీదున్న బట్టే బరువు. ఇలాంటి ఊళ్ళో ఒక మనిషి ఏడాది పొడుగునా బొంతలు కుట్టడమేంటని మీరు అడగొచ్చు. మేం అడగలేదు.

బస్టాండ్ దగ్గర జాకెట్లు కుట్టే టైలరు అమ్మ పాత శిష్యురాలి మొగుడు. కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలన్నీ నెలకోసారి సిమెంటు బస్తాలో కుక్కి మా ఇంటికి పంపించేవాడు. బస్తా విప్పి హాల్లో కుమ్మరిస్తే ఆ నెల ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, నిశ్చితార్థాలు అన్నీ మా కాళ్ళ కింద ఉండేవి. అమ్మ వాటిని ముందు బట్టని బట్టి వేరు చేసేది. నూలు ఒక కుప్ప, పట్టు ఒక కుప్ప, చేతిలో నిలవకుండా జారిపోయే రకమంతా బయటికి. తర్వాత రంగుల్ని బట్టి. అట్టముక్క కొలత పెట్టి నలుచదరంగా కత్తిరించి, తొక్కుడు మిషను మీద ఒకదానికొకటి కలిపేది. హాల్లో ముందు రెండు మూడు పాత నూలు చీరలు పరిచి, వాటి మీద ఈ ముక్కల పొర పరిచి, నాలుగు మూలలా నాలుగు పచ్చడి జాడీలు పెట్టేది. అక్కడి నుంచి చేత్తో కుట్టు. మధ్యలో మొదలుపెట్టి అంచులకి రావాలి. అంచుల్లో మొదలుపెడితే మధ్యలో బట్ట పొంగి, బొంత కాస్తా భోంచేసిన మనిషి పొట్టలా తయారవుతుందట. ఆ పది పదిహేను రోజులూ మేం హాల్లో గోడ వెంబడే నడవాలి. బట్ట లేస్తుందని ఫ్యాను వెయ్యకూడదు. రెడ్డిగూడెం మామిడికాయలు కూడా చెట్టు మీదే ఉడికిపోయే మే నెలలో సైతం.

బొంతల విషయంలో అమ్మకి ఒక రాజ్యాంగం ఉంది. పిల్లలకి ముదురు రంగులు. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి ఎరుపు కలిసినవి. పెద్దవాళ్ళకి, అందులోనూ జోడీ పోయి ఒంటరిగా మిగిలినవాళ్ళకి, బూడిద, కాఫీ, మీగడ రంగులు. ఆ వయసులో మంచం మీద రాణీ రంగు కనబడితే చూసినవాళ్ళు ఏమనుకుంటారన్నది అమ్మ ప్రశ్న. ఆ వయసులో మంచం దాకా వచ్చి చూసేదెవరన్నది నా ప్రశ్న. నా ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ రాజ్యాంగం ప్రకారం కుట్టిన వాటిలో ఒకటి మా హెడ్‌మాస్టారిది. మా అంటే, అమ్మకీ ఆయనే హెడ్‌మాస్టారు, నాకూ ఆయనే. నన్ను చాలాసార్లు నిలబెట్టారు, అమ్మని ఒక్కసారే. ఒకసారి స్కూలు వార్షికోత్సవానికి అమ్మ ఆడపిల్లల చేత గుడ్డముక్కలు కలిపించి స్టేజీకి తెర కుట్టించింది. రెండు నెలల పని. ఆ సాయంత్రం హెడ్‌మాస్టారు వచ్చి, తెరని పైనుంచి కిందిదాకా చూసి, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కళ్ళు తిరుగుతాయండి టీచర్‌గారూ, అన్నారు. అవమానించాలని కాదు. ఆయనకి ఉద్దేశాలు ఉండవు, అభిప్రాయాలే ఉంటాయి. తనిఖీకొచ్చిన ఆఫీసరు మర్యాదకి స్కూలు ఎలా ఉందని అడిగితే నిజంగా ఎలా ఉందో చెప్పి, కొత్త బెంచీలు పోగొట్టిన మనిషి.

అమ్మ ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది. ఆయన రిటైరయ్యే దాకా, పదకొండేళ్ళు. చెప్పాల్సింది ఉంటే సెలవు చీటీ మీద రాసేది, లేదా అటెండరు చేత చెప్పించేది. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్ళేవారు. మగవాళ్ళ వైపు మొదటి వరసలో ఆయన, ఆడవాళ్ళ వైపు మొదటి వరసలో ఈవిడ. క్షమాపణ మీద ప్రసంగం వచ్చిన ఆదివారాల్లో ఇద్దరూ శ్రద్ధగా తల ఊపేవారు.

రెండేళ్ళ కిందట ఆయన భార్య పోయారు. అమ్మ వెళ్ళి పలకరించి వచ్చింది, ఆ తర్వాత ఆయనకో బొంత కుట్టడానికి కూర్చుంది. బూడిద, కాఫీ, మీగడ. అంచుకి మా నాన్న గళ్ళ లుంగీ. నాన్న పోయి అప్పటికి ఏడేళ్ళు. ఆయన లుంగీలు అమ్మ అందరి బొంతలకీ వాడదు. ఇది చూశాకైనా నాకు రంగులు తెలుసో లేదో ఆయనకి అర్థమవుతుంది, అంది. పాత తెరకి అది జవాబన్నమాట.

ఇక్కడ నా పాత్ర వస్తుంది. సాయంత్రం పూట అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఒక్కో ముక్కా ఎత్తి పట్టుకుని, ఇది బూడిద రంగే కదరా అనేది. నేను పేపర్లు దిద్దుకుంటూనో, ఫోన్‌లో స్కోరు చూసుకుంటూనో "ఊ" అనేవాణ్ణి. ఇది మీగడ రంగే కదూ. ఊ. కొడుకు తల్లికి ఊ కొట్టడం ఊపిరి తీసుకోవడం లాంటిది, అందులో మెదడు ప్రమేయం ఉండదు. నేల మీద ఏం తయారవుతోందో చూడకుండానే ఆ నెలంతా గోడ వెంబడి నడిచాను. అలా నా ఊలన్నీ కలిపి ఒక బొంత తయారైంది. అయ్యాక చూడమంటే చూశాను.

బూడిద అనుకున్నది ఊదా. కాఫీ అనుకున్నది రాణీ రంగు. మీగడ అనుకున్నది నిమ్మపండు పసుపు. మూడూ పక్కపక్కనే, అచ్చం చదరంగం పలక మీద లాగా. కరెంటు పోయినా ఆ వెలుతురుకి హాల్లో నడవొచ్చు.

"హుందాగా ఉంది కదరా," అంది అమ్మ.

నేను మళ్ళీ ఊ అన్నాను. ఈసారి మెదడు ప్రమేయంతోనే. నాకు తట్టింది ఒకటే. పాత కక్ష ఉంది, అది ఇలా తీరుస్తోంది. హుందాగా అన్న మాట వెటకారం. భార్య పోయిన మనిషికి ఇది కాస్త ఎక్కువే అనిపించింది గానీ, పెద్దవాళ్ళ గొడవ, మనకెందుకనుకున్నాను. మా ఆవిడకి వేరే అభిప్రాయం కలిగిందట, ఇప్పుడిలాంటివే నడుస్తున్నాయేమోనని. మేమిద్దరం ఆ విషయం మాట్లాడుకోలేదు. పెళ్ళై పదిహేనేళ్ళయ్యాక భార్యాభర్తలు మాట్లాడుకోని విషయాల్లో బొంతలు కూడా చేరతాయి.

హెడ్‌మాస్టారు బొంత తీసుకుని, విప్పి, చాలాసేపు చూసి, చాలా థాంక్సండి అన్నారట. అమ్మ ఆ థాంక్స్ మీద రెండు నెలలు బతికింది. కానీ ఆ వారంలోనే ఆయన నన్ను కూరగాయల మార్కెట్లో ఆపారు.

"మీ అమ్మగారికి కళ్ళు చూపించరా," అన్నారు.

"ఇప్పుడదే ఫ్యాషన్ సార్," అన్నాను.

ఆయన నన్నొకసారి చూసి, పొట్లకాయ బేరంలో పడిపోయారు. నేను ఆ జవాబుని ఇంటికొచ్చేదాకా మెచ్చుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ మళ్ళీ ఇంకో పదకొండేళ్ళు మాట్లాడటం మానేస్తుందని భయం. అది దయ అని అప్పట్లో నా లెక్క.

ఆ తర్వాత ఆ బొంత ఆయన మేడ మీద, రోడ్డు వైపు పిట్టగోడ మీద కనబడటం మొదలైంది. నేను రోజూ కాలేజీకి బండి మీద ఆ దారినే వెళతాను. వాన కురిసిన రోజు తప్పిస్తే అది అక్కడే. నీ బొంత ఆయన రోజూ ఎండేసుకుంటున్నారమ్మా, తెగ వాడుతున్నట్టున్నారు, అని నేనే వచ్చి చెప్పేవాణ్ణి. ఆ రోజు అమ్మ వండిన కూరలో ఉప్పు సరిగ్గా పడేది.

దాని తర్వాత ఇంకో ఐదారు కుట్టింది, అన్నీ అదే హుందాతనంతో. వినగడపలో మా పెద్దమ్మ తనకొచ్చినదాన్ని మంచిరోజు చూసి వాడతానని పెట్టెలో పెట్టింది. ఆ మంచిరోజు ఇంకా రాలేదు. మరో పక్క, మా ఇంట్లో తెల్లబట్టలన్నీ నీలమవుతున్నాయి. అమ్మకి తెల్లవన్నీ పసుపుపచ్చగా కనబడేవి కాబట్టి, బకెట్లో నీలిమందు వేసేది, చాలక మళ్ళీ వేసేది. నా చొక్కాలు ఆకాశం రంగు దాటి నెమలి వైపు వెళుతున్నాయి. పిల్లలు నాకు పేరేదో పెట్టారు, అదేంటో నాకు తెలియనట్టు నటించేవాణ్ణి. అమ్మ బట్టలుతకడంలో ఇంత పట్టుదల ఎందుకొచ్చిందో మాత్రం ఆలోచించలేదు. పాఠం చెప్పేది నేను. కాంతి, కటకాలు, రంగులు. ఏటా చెబుతాను.

చివరికి అమ్మ చర్చి గుమ్మంలో లేని మెట్టొకటి ఎక్కబోయి పడబోయింది. అప్పుడు తీసుకెళ్ళాం విజయవాడ.

రెండో కంటి కట్టు విప్పిన వారం మా ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. గేటు పచ్చదనుకున్నాను, నీలమా, అంది. గిన్నెల అడుగున మరకలు, పొయ్యి వెనక గోడ మీద నూనె, ఇన్నాళ్ళూ మా ఆవిడ చాకచక్యంగా కాపాడుకుంటూ వచ్చిన రహస్యాలన్నీ బయటపడ్డాయి. నా చొక్కా చూసి, ఇదెవరి యూనిఫామురా అని అడిగింది. ఇంట్లో మిగిలిన రెండు బొంతలు బీరువా పై అరలో ఉన్నాయి. బీరువా తాళంచెవి కనబడటం లేదని మా ఆవిడ చెప్పింది. నేను అడక్కుండానే చెప్పింది. పదిహేనేళ్ళ కాపురంలో ఆవిడ మీద నాకు అంత గౌరవం ఎప్పుడూ కలగలేదు.

చర్చికి వేరే దారి ఉంది. ఆ ఆదివారం దాన్ని తవ్వేశారు. ఆటో హెడ్‌మాస్టారి ఇంటి మీదుగా పోయింది.

"ఆ మేడ మీదేంట్రా అది? సర్కసేమన్నా దిగిందా ఊళ్ళో?" అంది అమ్మ.

నేను డ్రైవరు భుజం మీదుగా రోడ్డునే చూస్తున్నాను. మా ఆవిడకి దగ్గొచ్చింది.

"ఎవరు కుట్టిందో మహాతల్లి. ఊదా పక్కన పసుపేంటి, పసుపు పక్కన రాణీ ఏంటి. కళ్ళు పెట్టుకుని కుట్టిందా మూసుకుని కుట్టిందా."

ఇంకో పది గజాలు పోయాక డ్రైవర్ని ఆపమంది. కొత్త కళ్ళు కదా, పిట్టగోడ దాకా అన్నీ కనబడుతున్నాయి. రంగులైతే మారాయి గానీ గళ్ళు మారలేదు. అమ్మ ఆ అంచుని చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, చాలా మామూలుగా, అది మీ నాన్న లుంగీ కదరా, అంది. ఆటో మళ్ళీ కదిలింది. ఆ రోజు ప్రసంగం దేని మీదో మా ముగ్గురిలో ఎవర్నీ అడక్కండి.

ఇంటికి రాగానే తాళంచెవి దొరికింది. అమ్మ రెండు బొంతలూ వాకిట్లో ఎండలో పరిచి, కుర్చీ వేసుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. తిడితే బాగుండేది. ముందు కోడల్ని అడిగింది, నీకు కనబడలేదా అని. కనబడింది అత్తయ్యా, మీ పనిలో నేను వేలు పెట్టడమెందుకని ఊరుకున్నాను, అని మా ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. అమ్మ తలూపింది. అత్తాకోడళ్ళ మధ్య అలాంటి జవాబుకి విలువుంటుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నాకు మామూలుగానే అనిపించిందమ్మా," అన్నాను. "మగాళ్ళకి రంగుల తేడా అంతగా తెలీదు."

"మీ నాన్నా అంతే," అంది.

ఆ అబద్ధం అంత సులువుగా అతుక్కుంటుందని నేననుకోలేదు. పోయిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పినట్టయింది.

అమ్మకి పట్టుకున్న బాధ రంగుల గురించి కాదు, అది నాకు ఆ సాయంత్రం అర్థమైంది. ముక్కల డబ్బా ముందు పెట్టుకుని, మూత తియ్యకుండా, తనలో తాను అన్నట్టుగా చెప్పింది.

"ఒక్కళ్ళు ఒక్క మాట చెప్పుంటే ఆపేసేదాన్ని కదరా. ఎవరికీ తెలియకపోతే సరే, అందరూ నీలాంటోళ్ళే అనుకుంటాను. తెలిసీ ఊరుకున్నారంటే మాత్రం, ముసల్ది ఏదో కుట్టుకుంటోంది, పోనీలే అనుకున్నట్టే. అలాగైతే ఇంక నేను సూది పట్టను."

నేను ఊ అనలేదు.

ఎవర్నడిగితే నిజం తెలుస్తుందో కూడా తనే తేల్చుకుంది. ఈ ఊళ్ళో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి ఒక్కరే. ఆయన దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళి ప్రశ్న వెయ్యడం బాగోదు. ముందు అసలైన బూడిద, కాఫీ, మీగడ రంగుల్లో ఇంకోటి కుట్టి, పాతది వెనక్కి తీసుకుని, అప్పుడు అడుగుతుంది. అంతదాకా ఇంకెవరికీ కుట్టదు.

నాకు నెలన్నర గడువు దొరికింది. అమ్మ ఒక్కో ముక్కనీ వాకిట్లోకి తీసుకెళ్ళి ఎండలో చూసి, అనుమానమొస్తే కోడలికి చూపించేది. నన్ను ఏ రంగూ అడగలేదు. ఊ కొట్టే ఉద్యోగం పోయింది. జాడీలు మళ్ళీ మూలలకెక్కాయి, నేను మళ్ళీ గోడ వెంబడి నడిచాను. కుట్టు మధ్య నుంచి అంచులకి వస్తున్న కొద్దీ నాకు అన్నం దిగడం తగ్గింది. కిందటిసారి వారం రోజులు ఎక్కువ పట్టిన పని ఈసారి తొందరగా అవుతోంది. కళ్ళు కనబడటం వల్ల వచ్చే నష్టాల గురించి ఎవరూ రాయరు.

ఓ రోజు కాలేజీ నుంచి వస్తూ ఒక్కణ్ణే హెడ్‌మాస్టారింటికి వెళ్ళాను. ఆయన టీ పెట్టి, కరెంటు బిల్లు గురించి చెప్పి, మా కాలేజీ రిజల్ట్స్ గురించి తన అభిప్రాయం చెప్పారు. అభిప్రాయం బాగాలేదు. నేను టీ గ్లాసులో చూస్తూ, సార్, అమ్మ వచ్చి ఏమన్నా అడిగితే, అని మొదలుపెట్టాను.

"అడిగితే చెప్తాను," అన్నారు.

అడక్కపోతే, అని అడిగాను. అడక్కపోతే చెప్పనన్నారు. ఆయన నుంచి అంతకంటే పెద్ద సాయం ఎవరికీ దొరికి ఉండదు. టీ తాగి వచ్చేశాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక వెళ్ళాం, అమ్మా నేనూ. కొత్త బొంత ఉతికిన దుప్పట్లో చుట్టి అమ్మే పట్టుకుంది, నాకివ్వలేదు. హెడ్‌మాస్టారు గడప దాకా ఎదురొచ్చి, ఆపరేషన్ ఎలా ఉందని అడిగి, కుర్చీ మీది పేపర్లు తీసి కూర్చోమన్నారు. ఒంటరి మగవాడి హాలు ఎలా ఉండాలో అలాగే ఉంది. అమ్మ ఆ దుమ్మునంతా ఒక్కసారి చూసి, పెద్ద మనసు చేసుకుని చూపు తిప్పుకుంది.

"సార్, నేనిచ్చిన బొంత పొరపాటున కుట్టింది. అది ఇచ్చేసి ఇది ఉంచుకోండి," అంది.

ఆయన కొత్తది విప్పి చూశారు. కుట్టు మీద బొటనవేలు పెట్టి ఒక వరస పొడుగునా నడిపారు. బాగుందండి, అన్నారు. మామూలుగా ఆయన ఆ మాట వాడరు. తర్వాత పైకెళ్ళి, పిట్టగోడ మీంచి పాతది తీసి మడతపెట్టి తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టారు. రెండేళ్ళ ఎండకి ఊదా కాస్త తగ్గింది. రాణీ మాత్రం తగ్గలేదు.

"పొరపాటని మీకు తెలుసా సార్?" అంది అమ్మ.

"తెలుసండి."

"తెలిసే కప్పుకున్నారా?"

"ఒక్క రోజు కూడా కప్పుకోలేదు. అది కప్పుకుంటే నిద్రెక్కడ పడుతుందండి."

అమ్మ ఆ బొంత అంచుని, నాన్న లుంగీ గళ్ళని, చేత్తో సాపు చేస్తోంది. నేను తలుపు వైపు చూశాను. తలుపు దూరంగా లేదు, కానీ మధ్యలో అమ్మ కుర్చీ ఉంది.

"మరి నాకో మాట చెప్పలేకపోయారా? మీరు మొహమాటపడే మనిషి కాదుగా."

"మీకు ఇదివరకోసారి చెప్పానండి, ఆ తెర గురించి. పదకొండేళ్ళు మాట్లాడలేదు మీరు. ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. అంత టైం లేదు."

అమ్మకి నవ్వొచ్చినట్టే వచ్చింది. అక్కడితో ఆగుతుందని నాకు చిన్న ఆశ కలిగింది. కానీ మా అమ్మ క్రాఫ్ట్ టీచరు. చివరి ముడి వెయ్యకుండా దారం తెంపదు.

"నాకు కాకపోతే ఇంకెవరికన్నా చెప్పొచ్చు కదండీ."

హెడ్‌మాస్టారు కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ఇతనికి చెప్పానండి, అన్నారు. ఇచ్చిన వారంలోనే, మార్కెట్లో, కళ్ళు చూపించమని చెప్పాను, ఫ్యాషన్ అన్నాడు.

అమ్మ నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం గళ్ళ మీద ఆగిపోయింది. నేను నోరు తెరిచాను, అప్పుడు నేననుకున్నది వేరని, తెలియక అన్నానని, ఏదో ఒకటి చెబుదామని. ఈలోగా ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, స్కూల్లో నిలబెట్టినప్పుడు చూసినట్టే నన్ను చూశారు.

"ఆ గుడ్డ గోడ మీద నేను ఎండకోసం వెయ్యలేదురా. రోజూ ఆ దారినే పోతావు కదా, ఏదో ఒక రోజు నీకు సిగ్గొస్తుందని వేశాను."